చెక్‌పోస్టు పోయింది, పర్మిట్ పంచాది పోలే

2025 అక్టోబర్ల తెలంగాణ సర్కారు బార్డర్ల మీదున్న రవాణా శాఖ చెక్‌పోస్టులన్ని ఎత్తేసింది. మంచి పనే చేసింది. ఆడ ఏం జరుగుతుండెనో లారీ తోలినోళ్లకు ఎవ్వరూ చెప్పాల్సిన పని లేదు. కాగితాలన్ని సక్కగున్నా సరే, డ్రైవర్ కిందికి దిగి కిటికీ కాడికి పోయి చెయ్యి తడిపి రావాలె. ఏసీబీ దాడులు అయినప్పుడల్లా లెక్కల్లేని పైసలు దొరికినయని పేపర్ల చదువుతనే ఉంటిమి. 2017 జులైల జీఎస్టీ వచ్చినంక కమర్షియల్ టాక్సోళ్ల చెక్‌పోస్టులు పోయినయ్. రవాణా శాఖయి మాత్రం ఇంకో ఎనిమిదేండ్లు అట్లనే నిలవడ్డయ్.

అయితే చెక్‌పోస్టు పోయిందంటే ఇగ బార్డరే లేదని కొంతమంది తమ్ముళ్లు అనుకుంటున్నరు. గట్ల కాదు. పర్మిట్ అట్లనే ఉంది, టాక్సు అట్లనే ఉంది. కిటికీ కాడ కట్టేది ఇప్పుడు ఫోన్ల కట్టాలె, గంతే. కట్టకపోతె కెమెరా చూస్తది, రోడ్డు మీద తిరిగే స్క్వాడ్ చూస్తది, చలాన్ ఇంటికొస్తది. ఎన్కట మనిషి ఉండెటోడు, బతిమాలితె వినెటోడు, తిట్టితె తిట్లు పడెటోడు. కెమెరాకు అవేం తెల్వదు. అందుకే ఇప్పుడు అసలు ముచ్చట మాట్లాడుకోవాలె. రాష్ట్రం దాటి సరుకు తోలాలంటే ఎవలు ఏం కాగితం పెట్టుకోవాలె, దానికి ఎంత కట్టాలె, ఎవలు కడుతున్నరు, ఎవలు కట్టకుంట తప్పించుకుంటున్నరు?

ఊర్లల్ల పొలం మీద నమ్మకం పోయిన పిల్లలు చాలామంది ఫైనాన్స్‌ల బండి తీసుకుంటున్నరు. షోరూంల కిస్తు ఎంతో చెప్తరు, డౌన్ పేమెంట్ ఎంతో చెప్తరు, పూలదండ వేసి ఫొటో తీస్తరు. పర్మిట్ ముచ్చట మాత్రం "అదంత ఏజెంట్ చూసుకుంటడు" అని ఒక్క మాటతోని తెంపేస్తరు. ఏజెంట్ చూసుకుంటడు, నిజమే. దేనికెంత అయిందో చెప్పకుంట మొత్తం కలిపి ఒక లెక్క చెప్పి తీసుకుంటడు. మన బండి మీద మనం కట్టే పైసలు దేనికో తెల్వకపోవుడు కన్నా అన్యాయం ఏముంటది?

మొదలు చిన్న బండ్ల ముచ్చట. బండి బరువు, సరుకు బరువు మొత్తం కలిపి 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టంల పర్మిట్ అవసరమే లేదు. టాటా ఏస్ అసొంటి బండ్లు గీ లెక్కల వస్తయి. ఎవడన్న ఏజెంట్ దానికి పర్మిట్ ఫీజు అని అడిగితె ఆర్‌సీ తీసి బరువు ఎంత రాసుందో చూపెట్టున్రి. అయితే పర్మిట్ లేకున్నా టాక్సు, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తప్పయి.

అంతకంటె పెద్ద బండ్లకు రెండు తొవ్వలున్నయి. ఒకటి స్టేట్ పర్మిట్, సొంత రాష్ట్రంల ఏడికన్న పోవచ్చు. రెండోది నేషనల్ పర్మిట్. లారీ ముందట, ఎనక నేషనల్ పర్మిట్ అని పెద్ద అక్షరాలతోని రాసి ఉంటది గదా, అది. పర్మిట్ ఐదేండ్లకు ఇస్తరు, గని వేరే రాష్ట్రాలల్ల తిరుగనీకి ఆథరైజేషన్ మాత్రం ఏడాదికొక్కసారి తీసుకోవాలె. చాలామంది పిల్లలు ఈడనే దెబ్బ తింటరు. పర్మిట్ మీద ఐదేండ్ల తారీకు చూసి నిమ్మలంగ ఉంటరు, ఆథరైజేషన్ ఎప్పుడో దాటిపోయి ఉంటది.

గీ నేషనల్ పర్మిట్ ఇప్పుడున్న తీరుకు 2010 మే నెలల వచ్చింది. అంతకుముందు కనీసం నాలుగు రాష్ట్రాలు రాపియ్యాలె, అండ్ల సొంత రాష్ట్రం ఒకటి. మిగిలిన ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి 5,000 రూపాయలు, ఒక్కో రాష్ట్రం పేరు మీద ఒక్కో డీడీ. రాపియ్యని రాష్ట్రానికి లోడ్ దొరికితె వదులుకోవాలె, లేకపోతె లంచం ఇచ్చుకుంట పోవాలె. 2010ల దాన్ని తీసేసి దేశం మొత్తానికి 15,000 అని ఒక్కటే ఫీజు పెట్టిన్రు. తర్వాత అది 16,500 అయింది. సొంత రాష్ట్రానికి ఆథరైజేషన్ ఫీజు ఇంకో 1,000. మొత్తం ఏడాదికి 17,500. పైసలు ఒక్క కాడ జమయినంక రాష్ట్రాలు పంచుకుంటయి. పాత లెక్కల మూడు రాష్ట్రాలకు కట్టే పైసలతోని దేశమంత తిరుగొచ్చు. దూరం తోలే లారీలకు ఇది నిజంగ మేలు చేసింది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, నాగపూర్, కలకత్తా తోలేటోళ్లను అడిగితె పాత రోజులు మల్ల కావాలె అని ఒక్కడు అనడు.

గని గా ఫీజు అందరికీ ఒక్కటే. వెయ్యి లారీలున్న కంపెనీలో ఉన్న లారీకి 17,500. పొలం కుదవ పెట్టి కొన్న ఒక్కటే ఒక్క లారీకి సుత 17,500. జర లెక్క చూడున్రి. కంపెనీ బండికి ఏడాది కాంట్రాక్టు ఉంటది. ఇద్దరు డ్రైవర్లను మార్చుకుంట 300 రోజులు రోడ్డు మీద ఉంచుతది. దానికి రోజుకు 58 రూపాయలు పడ్డట్టు. మిర్చి సీజన్ల, వడ్ల సీజన్ల మాత్రమే బార్డర్ దాటే లారీ ఏడాదిల 40 రోజులు పక్క రాష్ట్రంల తిరిగిందనుకో, దానికి రోజుకు 437 రూపాయలు. ఫీజు ఒక్కటే అయినంత మాత్రాన భారం ఒక్కటి కాదు.

ఇగ మన రెండు రాష్ట్రాల ముచ్చటకొస్తె బాధ ఇంకా ఎక్కువ. 2014 జూన్ 2 దాంక ఖమ్మం లారీకి స్టేట్ పర్మిట్ ఉంటె చాలు. ఆదిలాబాద్ నుంచి ఇచ్చాపురం దాంక, ఇటు చిత్తూరు దాంక అంత సొంత రాష్ట్రమే. విభజన చట్టంల పాత పర్మిట్లు గడువు తీరేదాంక రెండు దిక్కుల చెల్లుతయని రాసిన్రు. టాక్సు పంచాది మాత్రం తొందరగనే మొదలైంది. 2015 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణ సర్కారు ఆంధ్ర బండ్ల కాడ టాక్సు వసూలు షురూ చేసింది. తర్వాత ఆంధ్ర సర్కారు సుత మన బండ్ల కాడ వసూలు చేసింది. పాత పర్మిట్ల గడువులు కూడా ఒకటెనుక ఒకటి అయిపోయినయ్.

తెలంగాణ వద్దని నేను అంటలేను. తెలంగాణ కోసం రోడ్డెక్కినోళ్లల్ల లారీ డ్రైవర్లు, హమాలీలు సుత ఉన్నరు. నేనంటున్నది, రాష్ట్రం వేరైనప్పుడు నీళ్ల మీద, కరెంటు మీద, ఆస్తుల మీద ఏండ్లకేండ్లు కొట్లాడిన నాయకులు లారీ ముచ్చట మీద ఒక్క నాడు గట్టిగ కూసొని తెగ్గొట్టలేదని. అటు ఇటు సర్కార్లు మారినయ్, పార్టీలు మారినయ్, ముఖ్యమంత్రులు మారిన్రు. లారీ ఓనర్ల సంఘాలు ఏండ్లకు ఏండ్లు రెండు దిక్కుల వినతిపత్రాలు ఇచ్చుకుంట తిరిగినయ్.

కోదాడ, జగ్గయ్యపేట ఎంత దూరం? కోదాడ పిల్లలు సినిమాకు పోయి వస్తరు. అటు ఇటు సిమెంటు ఫ్యాక్టరీలే. మిర్యాలగూడ రైస్ మిల్లుల బియ్యం వాడపల్లి కాడ క్రిష్ణ దాటితె పల్నాడు. ఖమ్మం మిర్చి గుంటూరు యార్డుకు పోతది. ఆలంపూర్ చౌరస్తా నుంచి తుంగభద్ర దాటితె కర్నూలు. ఇసొంటి జాగలల్ల లారీ పెట్టుకున్నోడికి కాశ్మీర్ అక్కరలేదు, అస్సాం అక్కరలేదు. పక్క జిల్లాకు పోవాలె, వాపస్ రావాలె. అయినా నేషనల్ పర్మిట్ తీసుకుంటె దేశమంతటి ఫీజు కట్టాలె. పక్కూరికి పోయేటోడు కాశ్మీర్ దాంక టికెట్ కొన్నట్టు ఉంటది.

వద్దనుకుంటె టెంపరరీ పర్మిట్. వారానికో నెలకో తీసుకోవాలె, ఫీజు వేరే, టాక్సు వేరే. రాత్రి పదింటికి ఆఫీసోడు ఫోన్ చేసి "పొద్దుగాల్ల లోడ్ ఉంది" అంటడు. అప్పుడు ఆన్‌లైన్‌ల కూసొని కట్టాలె. సర్వర్ పనిచెయ్యది, ఓటీపీ రాదు, ఫోన్ నంబర్ పాత ఓనర్‌ది ఉంటది. చాలామంది పిల్లలు "పోనియ్, నడ్మిట్ల దొరికితె చూద్దాం" అని బండి తీస్తరు. గా తెగింపు ఎంత ఖరీదో తర్వాత చెప్తా.

ఈ రెండిటి నడ్మ చట్టంలనే మూడో తొవ్వ ఒకటుంది. దాని పేరు కౌంటర్ సిగ్నేచర్. రెండు రాష్ట్రాలు ఒప్పందం రాసుకుంటయి. ఈడ ఇచ్చిన పర్మిట్ మీద ఆ రాష్ట్రమోళ్లు సంతకం పెడ్తరు, ఏడాదికింత అని ఒక్కసారి కడితె ఆ రాష్ట్రంల సరుకు తోలుకోవచ్చు. ఇదేం కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్నప్పుడు కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రతోని ఇసొంటి ఒప్పందాలు ఉండె. అంటే వేరే భాష మాట్లాడే రాష్ట్రాలతోని ఒప్పందం చేసుకున్నోళ్లకు, నిన్నటిదాంక ఒక్క ఇంట్ల ఉన్నోళ్లతోని చేసుకోవుడు కష్టమైంది. ఎందుకని? నా అంచనా ఏందంటే, నేషనల్ పర్మిట్ పైసలు ఢిల్లీ కాడ కలిసి పంపకానికి వస్తయి, టెంపరరీ పర్మిట్ పైసలు, టాక్సు సీదా రాష్ట్రం ఖజానాల పడ్తయి. వచ్చే పైసలను ఏ సర్కారు మాత్రం వద్దనుకుంటది? రెండు సర్కార్లకు కొంచెం కొంచెం లాభం ఉంది. నష్టం ఉన్నోడికి రెండు దిక్కుల గొంతు లేదు. తెలంగాణ లారీ ఓనర్‌కు ఆంధ్రల ఓటు లేదు, జగ్గయ్యపేటోడికి తెలంగాణల ఓటు లేదు.

నేషనల్ పర్మిట్ తీసుకున్నా తెగని ముడి ఇంకొకటుంది. రూల్ ఏందంటే, నేషనల్ పర్మిట్ బండి వేరే రాష్ట్రంల రెండు ఊర్ల నడ్మ సరుకు తోలొద్దు. సూర్యాపేట లారీ హైదరాబాద్ నుంచి విజయవాడకు లోడ్ పట్టుకపోవచ్చు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు పట్టుక రావొచ్చు. విజయవాడ నుంచి ఒడిశాకు పోవచ్చు. విజయవాడల ఎత్తి విశాఖపట్నంల దించుడు మాత్రం తప్పు. ఎందుకంటే రెండూ ఆంధ్రలనే. లోకల్ బండ్ల బతుకు పోవద్దని పెట్టిన రూల్ ఇది, దాంట్ల న్యాయం లేదని అనలేం. మన దిక్కు బయటి బండ్లు వచ్చి మన లోడ్లు కొడితె మనమూ ఊకోం. గని 2014 ముందు గా విజయవాడ–విశాఖ లోడ్ మన బండికి సొంత రాష్ట్రం లోడే. రిటర్న్ లోడ్ దొరకకపోతె అటు పోయి, అక్కడికెల్లి ఇంకో లోడ్ పట్టుకొని మెల్లగ ఇంటి మొఖం పట్టెటోళ్లు. ఇప్పుడు ఖాళీ బండి తెచ్చుకోవాలె, లేకపోతె రెండు రోజులు యార్డు కాడ రోడ్డు పక్కన పండాలె. ఖాళీగ వచ్చిన బండికి డీజిల్ ఎవడిస్తడు? టోల్ ఎవడిస్తడు? రాష్ట్రం ఏర్పడ్డ లెక్కలల్ల ఈ నష్టం ఏ కమిటీ రాయలేదు.

భద్రాచలం ముచ్చట సుత చెప్పాలె. పోలవరం పేరు మీద ఏడు మండలాలు ఆంధ్రల కలిపిన్రు. గండ్ల ఎటపాక ఒకటి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల పోవాలంటే ఎటపాక మీదికెల్లి పోవాలె. అంటే తెలంగాణ నుంచి తెలంగాణకు పోతనే నడ్మల ఆంధ్ర తగుల్తది. ఆ దిక్కు ట్రాక్టర్లు, డీసీఎంలు నడిపే తమ్ముళ్లు యాది పెట్టుకోవాల్సిన మాట ఒకటి ఉంది. మోటారు వాహనాల చట్టం 88వ సెక్షన్‌ల రాసి ఉంది. బయలెల్లే జాగ, చేరే జాగ రెండూ ఒక్క రాష్ట్రంలనే ఉండి, నడ్మల వేరే రాష్ట్రంల పోయే రూట్ 16 కిలోమీటర్లు దాటకపోతె గా ముక్కకు వేరే సంతకం అక్కర్లేదు, సొంత రాష్ట్రం పర్మిట్ చెల్లుతది. ఎవలన్న ఆపితె గీ సెక్షన్ నంబర్ చెప్పున్రి. గట్టిగ అరవొద్దు, నిమ్మలంగ చెప్పున్రి, ఫోన్ల తీసి చూపెట్టున్రి.

ఇగ దొరికితె ఏమైతది? పర్మిట్ లేకుంట బండి తోలితె 2019ల సవరించిన చట్టం ప్రకారం మొదటిసారికే 10,000 జుర్మానా, ఆరు నెలల దాంక జైలు కూడా రాసి ఉంది. ఓవర్ లోడ్ అయితె 20,000, ఎక్కువున్న ఒక్కో టన్నుకు ఇంకో 2,000. ఆంధ్ర సర్కారు 2020 అక్టోబర్ల 21 నంబర్ జీవో తెచ్చి జుర్మానాలు పెంచింది, లారీ ఓనర్లు మొత్తుకున్నా ఆగలేదు. ఒక్క ట్రిప్పుల ఒక్కసారి దొరికితె నెల కిస్తు పోయినట్టే. కిస్తు తప్పితె ఫైనాన్సోడు తాళం చెయ్యి గుంజుకపోతడు. పర్మిట్ లేదని సర్కారు ఏసిన జుర్మానాకు చివరికి ఫైనాన్సోడి చేతుల బండి పడ్డ ముచ్చట్లు లారీ అడ్డల కూసుంటె రోజుకొక్కటి వినొచ్చు.

లారీ మీద కూసున్నోడి కాగితాల ముచ్చట ఇంతసేపు చెప్పిన. మరి లారీకి లోడ్ ఇచ్చేటోడి కాగితాలేవి? ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అని బోర్డు పెట్టి, టేబుల్ కుర్చీ ఏసుకొని, నాలుగు ఫోన్లు పట్టుకొని కూసుండి, ఫ్యాక్టరీ కాడ ఒక రేటు మాట్లాడి, లారీకి ఒక రేటు మాట్లాడి, నడ్మల కమీషన్ తినేటోడు ఉన్నడు గదా. ఆయనకు ఏ పర్మిట్ అక్కరలేదా?

ఉంది. చాలామందికి తెల్వదు గని, దానికి సపరేట్ చట్టమే ఉంది. దాని పేరు క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007. ఇంగ్లీషోడి కాలంల 1865ల చేసిన క్యారియర్స్ చట్టాన్ని తీసేసి దీన్ని తెచ్చిన్రు. 2011 మార్చి 1 నుంచి అమలుల ఉంది. కిరాయికి సరుకు తోలే ధందా చేసేటోళ్లు ఎవలైనా సర్కారు కాడ రిజిస్టర్ కావాలె, సర్టిఫికెట్ లేకుంట ధందా చెయ్యొద్దు. సర్టిఫికెట్ పదేండ్లు నడుస్తది. సరుకు ఎత్తుకున్నంక రసీదు ఇయ్యాలె. సరుకు పోయినా పాడైనా జవాబుదారీ వాళ్లదే. బండి మోసే బరువు దాటి సరుకు ఎక్కియ్యొద్దు, ఎక్కిస్తె రిజిస్ట్రేషన్ పోతది. ఈ చట్టం కింద ఎవలొస్తరు అన్న కాడ స్పష్టంగ రాసిన్రు: సరుకు బుకింగ్ కంపెనీ, కాంట్రాక్టర్, ఏజెంట్, బ్రోకర్, కొరియర్ అందరూ వస్తరు.

మరి మన ఊరి బైపాస్ మీద ఉన్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్ల ఎన్నింటి గోడ మీద ఆ సర్టిఫికెట్ చూసిన్రు? నేనైతె దేవుని ఫొటోలు, క్యాలెండర్లు చూసిన. పెద్ద కంపెనీలు రిజిస్టర్ అయి ఉంటయి, కాదనను. ఫ్యాక్టరీల టెండర్లకు ఆ కాగితం అడుగుతరు కాబట్టి తీసుకుంటరు. చిన్న పట్నాల ఆఫీసోళ్లను అడిగేటోడు లేడు. అడిగినా ఏమైతది? రిజిస్ట్రేషన్ లేకుంట ధందా చేస్తె మొదటిసారి జుర్మానా 5,000 దాంక, మల్ల దొరికితె 10,000 దాంక. చట్టంల ఇదే ఉంది. పర్మిట్ లేని లారీకి మొదటిసారే 10,000, పైన జైలు మాట. రిజిస్ట్రేషన్ లేని ఆఫీసుకు ఎక్కువల ఎక్కువ 5,000. లారీ ఒక్క ట్రిప్పు తప్పు చేస్తది, ఆఫీసు రోజూ ఇరవై లారీలకు లోడ్ ఇస్తది. జుర్మానా మాత్రం ఉల్టా ఉంది.

దీంతోని ఒరిగే నష్టం ఏందో లారీ తోలేటోళ్లకు తెలుసు. కిరాయి మాట్లాడినప్పుడు సగం అడ్వాన్స్ డీజిల్‌కు ఇస్తరు, మిగిలిన బ్యాలెన్స్ దించినంక అంటరు. దించినంక సంతకం పెట్టిన రసీదు తెమ్మంటరు. తెస్తె, పార్టీ ఇంకా పైసలు ఏయలేదంటరు. నెల అయితది, రెండు నెలలు అయితది. సరుకుల నాలుగు బస్తాలు తడిచినయని కోస్తరు. ఫ్యాక్టరీ గేటు కాడ మూడు రోజులు నిలబెట్టినా హాల్టింగ్ పైసలు ఇయ్యరు. ఓవర్ లోడ్ ఎక్కిచ్చేది వాళ్లే. "అన్నా, రెండు టన్నులు ఎక్కువైతది, అందరూ పట్టుకపోతున్నరు, నువ్వు వద్దంటె ఇంకొకడు వస్తడు" అంటరు. రోడ్డు మీద దొరికితె చలాన్ మాత్రం బండి నంబర్ మీద. మా దిక్కు తమ్ముడొకడు, పన్నెండు టైర్ల బండి, ఓవర్ లోడ్ చలాన్ కట్టి ఆఫీసుకు పోయి సగం మీరు భరించున్రి అన్నడంట. మర్నాటి నుంచి ఆయనకు లోడ్ బంద్. చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ పోవాల్సింది ఆఫీసుది. పోయింది లారీ లోడ్.

సర్కారు కాడ రెండు దఫ్తర్లు ఉన్నయి: ఒకటి చక్రం ఉన్నోడిది, ఒకటి కుర్చీ ఉన్నోడిది. మొదటి దఫ్తర్ రోజూ తెరుస్తది, కెమెరాలు పెట్టి మరీ తెరుస్తది. రెండో దఫ్తర్ మీద దుమ్ము పడ్డది. లారీ రోడ్డు మీద కనవడ్తది కాబట్టి పట్టుకునుడు అల్కగ ఉంటది. ఆఫీసును పట్టుకోవాలంటే ఆఫీసర్ కుర్చీల కెల్లి లేవాలె.

వేరే దేశంల ఈ లెక్క ఎట్ల ఉందో ఒక్కసారి చూస్తె తేడా అర్థమైతది. అమెరికాల రాష్ట్రాలు దాటి సరుకు తోలే కంపెనీలు ఏటా యూనిఫైడ్ క్యారియర్ రిజిస్ట్రేషన్ అని ఒక ఫీజు కట్టాలె. 41 రాష్ట్రాలు కలిసి నడిపిస్తయి. కట్టాల్సిన ఫీజులు వేరేయి ఇంకా ఉన్నయి, గని దీని తీరు చూడాలె. బండ్ల సంఖ్యను బట్టి ఆరు మెట్లు పెట్టిన్రు. 2025 లెక్క ప్రకారం రెండు బండ్ల దాంక 46 డాలర్లు. 21 నుంచి 100 దాంక ఉంటె 963. వెయ్యి దాటితె 44,836. ఒక్క లారీ లేని బ్రోకర్ సుత 46 డాలర్లు కట్టి పేరు రాపియ్యాలె. ఇది కాక బ్రోకర్ 75,000 డాలర్ల బాండ్ పెట్టాలె, కిరాయి ఎగ్గొడితె లారీ ఓనర్ అండ్లకెల్లి రాబట్టుకోనీకి.

అమెరికా అంటే స్వర్గమని చెప్తలేను. లెక్క కొట్టి చూడున్రి: ఒక్క లారీ ఉన్నోడికి లారీకి 46 డాలర్లు పడ్తె, వంద లారీలున్నోడికి లారీకి పది డాలర్లు సుత పడది. అక్కడ సుత చిన్నోడి మీదనే ఎక్కువ. ఇంకా బాండ్ ఉన్నా ఎగ్గొట్టే బ్రోకర్లు అక్కడ లేరని కాదు. నేర్సుకోవాల్సింది రెండే. బండ్లెన్నో చూసి ఫీజు పెట్టొచ్చు, అది కుదరని పని కాదు. కుర్చీల కూసున్నోడిని సుత అదే పుస్తకంల రాయొచ్చు.

మన దేశంల చిన్న ఓనర్ ఎవలో గుర్తువట్టుడు కష్టం అని ఆఫీసర్లు అంటరు. ఎందుకు కష్టం? మన ఇన్‌కం టాక్స్ చట్టమే పది లారీల దాంక ఉన్నోళ్లను చిన్నోళ్లు అని వేరుగ చూస్తది, వాళ్లకు లెక్కపుస్తకాలు అక్కర్లేకుంట బండికింత ఆదాయం అని అంచనా కట్టే పద్ధతి ఏండ్ల నుంచి ఉంది. పాన్ నంబర్ ఇచ్చి పది లారీలకు మించి లేవని రాసిస్తె కిరాయిల టీడీఎస్ కోయరు. అంటే ఢిల్లీల ఒక శాఖకు చిన్న ఓనర్ ఎవలో తెలుసు. అదే ఢిల్లీల రవాణా శాఖ ఫీజు కాడికొస్తె తెల్వనట్టు ఉంటది. బండ్ల రికార్డు మొత్తం వాహన్ పోర్టల్ల ఉంది, ఎవని పేరు మీద ఎన్ని ఉన్నయో ఒక్క నిమిషంల తెలుస్తది.

పెద్ద కంపెనీలు తమ్ముడి పేరు మీద, బామ్మర్ది పేరు మీద బండ్లు రాపించి చిన్నోళ్ల లెక్కల దూరుతరు అని ఒక మాట ఉంది. దూరుతరు, నిజమే. రేషన్ కార్డుల దూరలేదా, రైతుబంధుల వందెకరాల సేట్లు దూరలేదా? అందుకని పేదోళ్లకు రేషన్ బంద్ పెట్టినమా? దొంగ లెక్కలు పట్టుకోనీకి పద్ధతి పెట్టాలె. గా సాకు చూపెట్టి అసలే ఇయ్యకపోవుడు మాత్రం పెద్దోళ్లకు మేలు చేసినట్టే. దొడ్డితొవ్వ లేకున్నా వాళ్లకు రోజుకు 58 రూపాయలే పడ్తున్నయి.

అడగాల్సినయి ఎక్కువేం లేవు. తెలంగాణ, ఆంధ్ర నడ్మ సరుకు బండ్లకు ఏడాదికి ఒక్కసారి కట్టే కౌంటర్ సిగ్నేచర్, అది రెండు సర్కార్లు కూసుంటె అయ్యే పని. నేషనల్ పర్మిట్ ఫీజు చిన్న ఓనర్లకు తక్కువ, సీజన్ల మాత్రమే తోలేటోళ్లకు మూడు నెలల చొప్పున కట్టే వీలు, అది ఢిల్లీ చెయ్యాలె. మూడోది జిల్లాల ఉండే రవాణా ఆఫీసర్ రేపు పొద్దున్నే చెయ్యొచ్చు, కొత్త చట్టం అక్కర్లేదు, జీవో అక్కర్లేదు: ఆయన జిల్లాల రిజిస్టర్ అయిన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల లిస్టు తీసి బయట బోర్డు మీద పెట్టుడు. ఎన్ని ఉన్నయో మనకు సుత తెలుస్తది. లిస్టు పెట్టకపోతె సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు ఇయ్యున్రి. మీ జిల్లాల క్యారేజ్ బై రోడ్ చట్టం కింద రిజిస్టర్ అయినోళ్లు ఎవలు, 2011 నుంచి ఇప్పటిదాంక ఎన్ని ఆఫీసుల రిజిస్ట్రేషన్ రద్దు చేసిన్రు, ఎంత జుర్మానా వసూలు చేసిన్రు అని అడుగున్రి. ఊరికి ఒక్కరు ఇచ్చినా చాలు, మండలానికి ఒక్కరు ఇచ్చినా చాలు.

అప్పటిదాంక బండి తోలే తమ్ముళ్లు లోడ్ ఎత్తే ముందట నాలుగు పనులు చెయ్యున్రి. పర్మిట్ తారీకు కాదు, ఆథరైజేషన్ తారీకు చూడున్రి. వాహన్ల ఉన్న ఫోన్ నంబర్ మీదేనా చూడున్రి, చలాన్ ఇంకొకరి ఫోన్‌కు పోయిందని తర్వాత మొత్తుకుంటె లాభం లేదు. ఆఫీసోడి రిజిస్ట్రేషన్ నంబర్ అడుగున్రి, లేదంటె లేదనే ఒక మెసేజ్ పెట్టమనున్రి. కాంటా చీటీ ఫొటో తీసుకొని, లోడ్ ఎవలు ఎక్కిచ్చిన్రో గా ఫొటో కిందనే రాసి పెట్టుకోన్రి. చట్టంల ఓవర్ లోడ్ తప్పు తోలినోడిదే కాదు, తోలిచ్చినోడిది సుత.